న్యూయార్క్ ధర, ఢిల్లీ సుంకం, ఏనుమాముల జెండా పాట

పరకాల దగ్గర పత్తి పండించే కుటుంబానికి చెందిన డిగ్రీ విద్యార్థి ఒకరు కళాశాల చర్చా పోటీకి సిద్ధమవుతూ అడిగిన ప్రశ్న ఇది: "ప్రపంచీకరణ మేలా, దేశ స్వాతంత్ర్యం మేలా? పత్తి ధర పడిపోయిన ప్రతిసారీ మా నాన్న అమెరికాను తిడతారు. ఆయన మాట నిజమేనా? ప్రపంచ వాణిజ్య సంస్థ నుంచి బయటికి వచ్చేస్తే మన రైతు బాగుపడతాడా?"

నేను చాలా ఏళ్లు నూలు మిల్లుల తరఫున వరంగల్, జమ్మికుంట మార్కెట్లలో పత్తి కొన్నవాణ్ణి. మీ నాన్నగారు అమ్ముకునే చోట కొనేవాళ్ల పక్షాన నిలబడినవాణ్ణి కాబట్టి, నా మాటలను ఆ సంగతి గుర్తుపెట్టుకునే చదవండి. ముందే చెప్పేస్తాను: మీ నాన్నగారి తిట్లలో సగం న్యూయార్క్‌కు చెందాల్సినవే. మిగతా సగం ఢిల్లీకి చెందాలి. చర్చా పోటీల్లో అందరూ మొదటి సగం గురించే గొంతు చించుకుంటారు. నేను రెండో సగం గురించి ఎక్కువ రాస్తాను.

ధర ఎలా పుడుతుందో ముందు చూద్దాం. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు ధర తేల్చే తొలి వేలం, మొదలైనప్పుడు ఖరీదుదారు నోటి నుంచి వచ్చే మొదటి అంకె గాలిలోంచి ఊడిపడదు. ముందు రోజు రాత్రి న్యూయార్క్ వాయిదా మార్కెట్లో పౌను (సుమారు 454 గ్రాములు) దూది ఎంత దగ్గర ఆగింది, డాలరుకు రూపాయి ఎంత పలుకుతోంది, పత్తి గింజలు, గింజల చెక్క ధరలు ఎలా ఉన్నాయి, ఇవన్నీ చూసుకునే ఆయన ప్లాట్‌ఫాం మీదికి వస్తాడు. లెక్క మీరే వేసుకోవచ్చు. పౌను దూది 70 సెంట్లు, డాలరు 85 రూపాయలు అనుకుందాం. కిలో దూది 131 రూపాయలవుతుంది. క్వింటా పత్తిని జిన్నింగ్ చేస్తే, అంటే గింజలు వేరు చేస్తే, సుమారు 34 కిలోల దూది, 60 కిలోల పైన గింజలు వస్తాయి. దూది విలువే 4,460 రూపాయలు. దానికి గింజల విలువ కలిపి, జిన్నింగ్ ఖర్చు, రవాణా, వడ్డీ, మిల్లు లాభం తీసేస్తే మీ నాన్నగారి తక్‌పట్టీ (అమ్మకం చీటీ) మీద పడే అంకెకు దగ్గరగా వస్తారు. నాణ్యత తేడాలు, ఓడ కిరాయి వంటివి ఇందులో చేర్చలేదు. స్థూలంగా ఇంతే.

ఈ లెక్కనే కొంచెం అటూ ఇటూ కదిపి చూడండి. న్యూయార్క్‌లో ఒక్క సెంటు తగ్గితే ఇక్కడ క్వింటాకు 60 రూపాయల పైన ఎగిరిపోతుంది. డాలరు 85 నుంచి 90 రూపాయలకు చేరితే క్వింటాకు 260 రూపాయల దాకా కలిసివస్తుంది. రూపాయి కుప్పకూలిందని టీవీల్లో అరుస్తున్న రోజున పత్తి రైతుకు చడీచప్పుడు లేకుండా మేలు జరుగుతూ ఉంటుంది, దిగుమతి చేసుకునే ఎరువుల బస్తా కొనడానికి వెళ్లేదాకా. అమెరికా తన పత్తి రైతులకు రాయితీలు ఇచ్చి పంట పెంచినా, చైనా గోదాములు నింపుకోవడం ఆపినా, బ్రెజిల్‌లో వర్షాలు బాగా పడినా ఆ అంకె కిందికి దిగుతుంది. 2023-24లో బ్రెజిల్ అమెరికాను కూడా దాటి పత్తి ఎగుమతుల్లో మొదటి స్థానానికి వచ్చింది. కాబట్టి ఇక తిట్టదలిస్తే మీ నాన్నగారు బ్రెజిల్‌ను కూడా కలుపుకోవచ్చు.

ఇక రెండో సగం. 2021 ఫిబ్రవరి బడ్జెట్లో కేంద్రం దిగుమతి పత్తి మీద అన్నీ కలిపి 11 శాతం సుంకం వేసింది. పై లెక్క ప్రకారం అది కిలో దూదికి 14 రూపాయల పైచిలుకు, క్వింటా పత్తికి 490 రూపాయల దాకా. అదంతా రైతు చేతికి వస్తుందని చెప్పను. మధ్యలో మా లాంటివాళ్లం ఉన్నాం. కానీ బయటి పత్తి అంత ఖరీదైతే ఇక్కడి పత్తికి బేరమాడే బలం అంత పెరుగుతుంది. 2022 ఏప్రిల్‌లో ధరలు మండిపోతున్నాయని మిల్లులు మొరపెట్టుకున్నాయి. సుంకం తీసేశారు. సెప్టెంబరు దాకా అని, ఆ తర్వాత అక్టోబరు దాకా అన్నారు. 2025 ఆగస్టు 19 నుంచి మళ్లీ తీసేశారు. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు. పది రోజులు తిరగకముందే డిసెంబరు 31 దాకా పొడిగించారు.

ఈ తేదీలను మన పంట పక్కన పెట్టి చూడండి. దసరా దాటాక తొలి ఏరుడు పత్తి మార్కెట్‌కు వస్తుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో ఏనుమాముల గేటు బయట బండ్లు బారులు తీరతాయి. సరిగ్గా ఆ మూడు నెలలూ బయటి పత్తికి సుంకం లేదు. ఆ నిర్ణయం వెలువడిన ఆగస్టులో రైతు విత్తనం వేసి, ఎరువు చల్లి, అప్పు చేసి ఉన్నాడు. ఇక వెనక్కి వెళ్లే దారి లేదు.

ఎందుకు తీసేశారు? ఆ ఆగస్టు 27 నుంచే అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి తీసుకెళ్లింది. తిరుపూరు వంటి చోట్ల బట్టల ఎగుమతిదారులు గగ్గోలు పెట్టారు. వాళ్ల బాధ నటన కాదు. ఆర్డర్లు పోతే అక్కడ మిషన్ల ముందు కూర్చునే ఆడపిల్లలకు పని పోతుంది. కానీ వాళ్ల నష్టం తగ్గించడానికి ఢిల్లీ ఎంచుకున్న దారి పరకాల చేల మీదుగా పోయింది. నేరుగా ఎగుమతిదారులకు ఖజానా నుంచి సాయం చేయవచ్చు. వడ్డీ రాయితీ ఇవ్వవచ్చు. వాటికి డబ్బు కావాలి. సుంకం ఎత్తేయడానికి ఒక నోటిఫికేషన్ చాలు. అమెరికాను మంచి చేసుకోవడానికే ఇదంతా అన్నవాళ్లూ ఉన్నారు. ఏమైనా గానీ, ప్రపంచ వాణిజ్య సంస్థలో ఎవరూ మన మెడ మీద కత్తి పెట్టలేదు. అక్కడ వ్యవసాయ సరుకుల మీద మనం ఒప్పుకున్న గరిష్ఠ సుంకాల సగటు 100 శాతం పైనే ఉంది. 11 శాతాన్ని సున్నా చేసింది మన ఆర్థిక శాఖ, మన సార్వభౌమాధికారంతోనే.

మీరు పోటీలో ఎత్తిచూపాల్సింది ఇదేనని నా అభిప్రాయం. దేశానికి స్వాతంత్ర్యం ఉండటం అంటే గేటు తాళం మన చేతిలో ఉండటం. ఆ తాళం ఎవరు అడిగినప్పుడు తిరుగుతోంది అన్నది వేరే ప్రశ్న. ప్రపంచీకరణను తిట్టేవాళ్లు, పొగిడేవాళ్లు ఇద్దరూ ఆ రెండో ప్రశ్న దగ్గరికి రారు.

ఒక్క 2025 సంగతి అయితే పోనీ అనుకోవచ్చు. ధర పెరిగినప్పుడు ఏం చేశారో కూడా చూడండి. 2010-11 పత్తి చరిత్రలోనే విచిత్రమైన ఏడాది. 2011 మార్చిలో న్యూయార్క్‌లో పౌను రెండు డాలర్లు దాటింది. అలాంటి సమయంలో ప్రపంచ మార్కెట్ మన రైతుకు పూర్తిగా తెరిచి ఉంటే? తెరిచి ఉంచలేదు. 2010 ఏప్రిల్‌లోనే ఎగుమతులను ఆపారు. తర్వాత ఇంతకు మించి పంపకూడదని పరిమితి పెట్టారు. 2012 మార్చి 5న మళ్లీ పూర్తి నిషేధం. అప్పుడు గుజరాత్ మండిపడింది. కేంద్ర వ్యవసాయ మంత్రి శరద్ పవార్ తననే సంప్రదించలేదని బాహాటంగా అన్నారు. వారం రోజుల్లో నిషేధం సడలింది. ఆ నిషేధం వల్ల మేలు పొందిన వాళ్లలో నన్ను ఉద్యోగంలో పెట్టుకున్న మిల్లులు కూడా ఉన్నాయి. మాకు పత్తి చౌకగా దొరికింది. ధర పడితే ప్రపంచ ధర, ధర పెరిగితే దేశ ప్రయోజనం. రైతు వైపు నుంచి చూస్తే ఈ రెండు దశాబ్దాల పత్తి విధానం సారాంశం ఇదే.

మద్దతు ధర లేదా అంటారు. ఉంది. 2025-26కు పొడవు పింజ పత్తికి క్వింటాకు 8,110 రూపాయలు. ప్రైవేటు ధర దానికన్నా కిందికి పడినప్పుడు భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ, కొంటుంది. పాపం, అది కొనకపోతే మన ప్రాంతం ఎప్పుడో మునిగిపోయేది. కానీ తేమ 8 శాతం దగ్గర పూర్తి ధర. అక్కడి నుంచి పైకి కోత. 12 దాటితే కొనరు. నవంబరు మంచులో ఏరిన పత్తికి 12 లోపు తేమ రావాలంటే ఆరబెట్టుకునే జాగా, ఆగగలిగే ఓపిక రెండూ ఉండాలి. అప్పు ఇచ్చినవాడు ఇంటి ముందు కూర్చుంటే ఓపిక ఎక్కడిది? ఇక పట్టా పాసు పుస్తకం లేని కౌలు రైతు సీసీఐ కేంద్రం దగ్గర పడే పాట్లు పరకాల వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు ప్రపంచ వాణిజ్య సంస్థ. 1995 జనవరి 1న అది మొదలైనప్పటి నుంచీ మనం సభ్యులం. బయటికి వస్తే పత్తి ధర న్యూయార్క్ నుంచి విడిపోదు. ఎగుమతి, దిగుమతి జరిగినంత కాలం ధర అక్కడే ముడిపడి ఉంటుంది. పోయేది మాత్రం ఒకటుంది. ఎదుటివాడు తప్పు చేసినప్పుడు నిలదీసే చోటు. దీనికి పత్తిలోనే మంచి ఉదాహరణ ఉంది. 2002లో బ్రెజిల్, అమెరికా పత్తి రాయితీల మీద ఆ సంస్థలో కేసు వేసింది. 2005లో అప్పీలులోనూ గెలిచింది. అమెరికా అమలు చేయకుండా నాన్చింది. 2009లో ప్రతీకారం తీర్చుకునే అనుమతి బ్రెజిల్‌కు వచ్చింది. అమెరికా సరుకుల మీద సుంకాలు వేయడమే కాదు, పేటెంట్ల వంటి మేధో హక్కులను కూడా పక్కన పెడతానని బ్రెజిల్ జాబితా తయారుచేసింది. అప్పుడు దిగి వచ్చింది అమెరికా. 2010 నుంచి ఏడాదికి 14.73 కోట్ల డాలర్లు బ్రెజిల్ పత్తి రైతుల నిధికి కట్టడానికి ఒప్పుకుంది. 2014లో మరో 30 కోట్ల డాలర్లు ఇచ్చి వ్యవహారం ముగించింది.

అదే సంస్థలో 2003 నుంచి బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి అనే నాలుగు ఆఫ్రికా దేశాలు అదే రాయితీల మీద మొరపెట్టుకుంటున్నాయి. వాటికి దక్కినవి ఎక్కువగా తీర్మానాలు, సానుభూతి మాటలు. నియమం ఒక్కటే. బ్రెజిల్‌కు ఎదుటివాడిని నొప్పించగల మార్కెట్ ఉంది, మాలికి లేదు. సార్వభౌమాధికారం కాగితం మీద అందరికీ సమానమే. వాడుకునే సత్తా దగ్గర తేడా వస్తుంది. మన దేశం బ్రెజిల్‌లా పోరాడగల స్థాయిలోనే ఉంది. పత్తి కోసం మాత్రం అలా పోరాడలేదు.

ఈ మధ్య ఆ సంస్థ కూడా కుంటుతోంది. అప్పీళ్లు విచారించే సభ్యుల నియామకాలను అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి దాని అప్పీలు విభాగం పనిచేయడం లేదు. ఎవరైనా కింది స్థాయిలో ఓడిపోతే, విచారించేవాడే లేని అప్పీలుకు వెళ్లి తీర్పును అక్కడే పడుకోబెట్టవచ్చు. చెరకు, చక్కెర రాయితీల కేసులో 2021 డిసెంబరులో ఓడిపోయాక మనమూ అదే పని చేశాం. నిజామాబాద్ చెరకు రైతుకు దాని వల్ల మంచే జరిగి ఉండవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. అంతర్జాతీయ చట్టం పవిత్రత గురించి ఉపన్యసించేటప్పుడు మాత్రం కొంచెం గొంతు తగ్గించుకోవడం మర్యాద.

మీ ప్రత్యర్థి పక్షం తప్పకుండా 1991 ఆర్థిక సంస్కరణల సంగతి ఎత్తుతుంది. వరంగల్‌లో నిలబడి 1991 గురించి మాట్లాడేటప్పుడు జాగ్రత్త, ఎందుకంటే ఆ తలుపులు తెరిచిన ప్రధాని మనవాడు. నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టి, వంగరలో పెరిగి, 1977లోనూ 1980లోనూ హనుమకొండ నుంచి లోక్‌సభకు వెళ్లిన పి.వి. నరసింహారావు. ఆయన గద్దెనెక్కేనాటికి విదేశీ మారక నిల్వలు కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయేలా ఉన్నాయి. ఆ జులైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని లండన్‌కు పంపి తాకట్టు పెట్టి డాలర్లు తెచ్చింది. అదే నెలలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. అంతర్జాతీయ ద్రవ్య నిధి షరతులకు తల ఊపారు. దీన్ని చూపించి ప్రపంచీకరణ మన స్వాతంత్ర్యాన్ని మింగేసిందని అంటారు. క్రమం గమనించండి. ఆ తాకట్టుకు ముందు నలభై ఏళ్లు మనం తలుపులు బాగానే మూసుకుని ఉన్నాం. కొన్ని సరుకుల మీద సుంకం 300 శాతం దాటి ఉండేది. ఎగుమతులు సరిపడా పెరగలేదు, అప్పులు పెరిగాయి, గల్ఫ్ యుద్ధంతో చమురు బిల్లు పెరిగింది. బంగారం విమానమెక్కింది మూసుకున్న ఇంటి నుంచే. చేతిలో డాలర్లు లేని దేశం ఎంత మూసుకున్నా స్వతంత్రంగా ఉండలేదు.

అట్లని తెరిస్తే అంతా బాగుపడిందని కూడా అనను. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి పురుగు తినేసి, నకిలీ మందులు పనిచేయక, వందల మంది రైతులు ప్రాణాలు తీసుకున్నారు. చాలామంది తాగింది పత్తి కోసం అరువు తెచ్చిన పురుగుల మందే. దాన్ని ప్రపంచీకరణ చావులని అప్పట్లో రాశారు. నేను చూసినంతలో, ఆ రైతులకు బ్యాంకు అప్పు అందలేదు. వ్యవసాయ శాఖ సలహా అందలేదు. మందు అమ్మే షాపువాడే డాక్టరు, వాడే బ్యాంకు. ప్రభుత్వం ఆ పనుల నుంచి తప్పుకోవాలని ఏ అంతర్జాతీయ ఒప్పందంలోనూ రాసి లేదు. ఖర్చు తగ్గించుకోవడానికి సులువైన చోటు ఊళ్లే కాబట్టి అక్కడి నుంచే తప్పుకుంది.

ఆజంజాహి మిల్లు సంగతి ఇంకో రకం. 1934లో నిజాం పెట్టించిన మిల్లు. మన పత్తి మన ఊళ్లోనే నూలై, బట్టయ్యేది. 1974లో జాతీయ జౌళి సంస్థ చేతికి వెళ్లింది. అంటే పూర్తిగా దేశం సొంతం, ఏ విదేశీ కంపెనీ నీడా పడలేదు. అయినా పాత మగ్గాలు మార్చలేదు, నష్టాలు పేరుకున్నాయి, 2002లో మూతపడింది. ఇప్పుడు గీసుగొండ, సంగెం వైపు కాకతీయ మెగా జౌళి పార్కులో కొరియాకు చెందిన యంగ్‌వన్ సంస్థ వచ్చి ఫ్యాక్టరీ పెడుతోంది. పత్తి మనది, భూమి మనది, పనిచేసే చేతులు మనవి, ఆర్డరు బయటిది. దీన్ని అవమానంగా భావించేవాళ్లు ఉన్నారు. ఆజంజాహి గేటు ముందు పని పోయి నిలబడిన వాళ్లను చూసిన నాకు అవమానం అక్కడే ఎక్కువ కనిపించింది. పార్కులో జీతాలు, యూనియన్ హక్కులు ఎలా ఉండబోతున్నాయన్నది వేరే విషయం. అక్కడ గట్టిగా అడగాల్సింది కార్మిక శాఖను.

విత్తనం కథ మాత్రం స్వాతంత్ర్యాన్ని సరిగ్గా వాడుకున్న కథ. పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయల పైన అమ్మేవారు. అందులో పెద్ద భాగం ఆ సాంకేతికత వాడుకున్నందుకు అమెరికా కంపెనీ మోన్‌శాంటో భాగస్వామ్య సంస్థకు పోయే రుసుము. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. ఆ ఏడాదే ప్యాకెట్టు ధర 750 రూపాయలకు మించకూడదని కట్టడి చేసింది. 2007లో ఏకంగా పత్తి విత్తన ధరల చట్టమే చేసింది. అంత పెద్ద బహుళజాతి కంపెనీ తలొంచింది. చేసింది దేశం కూడా కాదు, ఒక రాష్ట్రం. తర్వాత కేంద్రం 2016 నుంచి దేశమంతటికీ ధర నిర్ణయించింది. 2020 నాటికి ఆ రుసుమును సున్నా చేసింది. వరంగల్ రైతుకు సగానికి సగం ధర తగ్గింది.

దీనికీ ఖర్చు ఉంది. అది చెప్పకపోతే మీ ప్రత్యర్థి చెబుతాడు. 2006లో వచ్చిన రెండో తరం బీటీ తర్వాత మన పత్తిలోకి అధికారికంగా కొత్త జన్యు సాంకేతికత రాలేదు. 2016లో మోన్‌శాంటో తన తర్వాతి రకం దరఖాస్తును వెనక్కి తీసుకుంది. ఈలోగా గులాబీ రంగు పురుగు పాత బీటీని జీర్ణించుకోవడం నేర్చింది. కలుపు మందును తట్టుకునే విత్తనం అనుమతి లేకుండానే దొంగచాటుగా ఊళ్లకు వస్తోంది. మన హెక్టారు దిగుబడి 450 కిలోల దూది దగ్గర కొట్టుమిట్టాడుతుంటే బ్రెజిల్‌లో దానికి మూడు, నాలుగు రెట్లు వస్తోంది. కంపెనీని కట్టడి చేసిన ప్రభుత్వం, ఆ స్థానంలో మన సొంత పరిశోధనను నిలబెట్టలేదు. సగం పని చేసి ఆపేసింది.

పసుపు విషయంలో తక్కువ చెబుతాను. గాయానికి పసుపు రాయడం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాల ఆధారాలతో అక్కడికే వెళ్లి వాదించి 1997లో రద్దు చేయించింది. ఆర్మూరు రైతు మురిసిపోవాల్సిన గెలుపే, కానీ దాంతో మార్కెట్ యార్డులో పసుపు కొమ్ము ధర రూపాయి కూడా పెరగలేదు.

చర్చల్లో ప్రపంచీకరణ అంటే సరుకులు, కంపెనీలు అనుకుంటారు. ఉత్తర తెలంగాణలో అది మనుషులు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, కామారెడ్డి, నిజామాబాద్ ఊళ్లలో గల్ఫ్‌కు వెళ్లనివాళ్లున్న వాడ వెతుక్కోవాలి. 2024లో విదేశాల నుంచి మన దేశానికి వచ్చిన సొమ్ము ప్రపంచ బ్యాంకు లెక్కన దాదాపు 12,900 కోట్ల డాలర్లు. అందులో దుబాయి ఎండలో ఇటుకలు మోసినవాడి వాటా ఉంది, అమెరికాలో కంప్యూటర్ ముందు కూర్చున్నవాడి వాటా కూడా ఉంది. మొదటివాడి పక్షాన మన సార్వభౌమాధికారం ఏం చేసింది? గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికుడికి కనీసం ఇంత జీతం ఇస్తేనే పంపుతామని విదేశాంగ శాఖ దేశాలవారీగా ఒక స్థాయి నిర్ణయించి ఉంచింది. 2020 సెప్టెంబరులో ఆ స్థాయినే 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. కరోనా కాలం, ఉద్యోగాలు పోకుండా ఉండాలంటే తగ్గక తప్పదన్నది దాని వాదన. కొన్ని దేశాలకు అది నెలకు 200 డాలర్లకు పడిపోయింది. గల్ఫ్ కార్మికుల సంఘాలు తెలంగాణ హైకోర్టుకు వెళ్లాయి, గొడవ పార్లమెంటు దాకా పోయింది, 2021లో ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకున్నారు. మన కూలీ ధరను తగ్గిస్తూ ఉత్తర్వు ఇచ్చింది సౌదీ రాజు కాదన్న సంగతి పోటీలో తప్పక చెప్పండి.

ఒక చిన్న పక్కదారి, మీరు ఓరుగల్లు పిల్లలు కాబట్టి. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవారు, మేం అలా చేయం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అని దేశదేశాల వర్తకులకు మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పైకి ఒక వంతు అని రాతి మీద చెక్కించాడు. ఏ సరుకుకు ఎంతో విడివిడిగా కూడా రాయించాడు. ఓడ బయలుదేరాక అంకె మారదన్న నమ్మకం సముద్రం అవతలి వర్తకుడికి అలా దొరికింది. మన పత్తి రైతుకు విత్తనం వేసేటప్పుడు ఆ నమ్మకం లేదు.

నా సలహా: మీకు ప్రపంచీకరణ పక్షం వస్తే 1991 బంగారం, ఆజంజాహి మిల్లు, బ్రెజిల్ కేసు పట్టుకోండి. స్వాతంత్ర్యం పక్షం వస్తే 2006 విత్తన ధర, పసుపు పేటెంటు. ఏ పక్షం వచ్చినా 2012 ఎగుమతి నిషేధాన్ని, 2025 సుంకం ఎత్తివేతను వదలకండి. అవి రెండు పక్షాలనూ ఇబ్బంది పెడతాయి. న్యాయనిర్ణేతలకు అదే గుర్తుంటుంది.

ఇక న్యాయనిర్ణేతలు "మరి ఏం చేయాలంటావు?" అని అడిగితే, పెద్ద మాటలకు పోకుండా ఒక్కటి చెప్పండి. మద్దతు ధరను వానాకాలం విత్తనాలకు ముందే ప్రకటిస్తున్నారు కదా. ఆ ఏడాది పత్తి దిగుమతి సుంకాన్ని, ఎగుమతి నిబంధనలను కూడా జూన్‌కు ముందే ప్రకటించి, సీజను అయ్యేదాకా అంటే మరుసటి సెప్టెంబరు 30 వరకు మార్చకూడదని చట్టంలో రాయాలి. మార్చక తప్పని పరిస్థితి వస్తే పార్లమెంటులో చెప్పి మార్చాలి, దాని వల్ల రైతుకు పడే తేడాను సీసీఐ ద్వారా కాకుండా నేరుగా ఖాతాలో వేయాలి, కౌలు రైతుకు కూడా. మిల్లులు ఒప్పుకోవు, నాకు తెలుసు. అత్యవసరంగా పత్తి దొరక్కపోతే మగ్గాలు ఆగిపోతాయంటాయి. అలాంటప్పుడు అమ్మకాలు బాగా జరిగే అక్టోబరు నుంచి జనవరి వరకు నాలుగు నెలలు తప్ప, మిగతా నెలల్లో మినహాయింపు ఇచ్చుకోమనండి. ఫిబ్రవరి దాటాక మన దగ్గర చిన్న రైతు చేతిలో పత్తి ఎలాగూ మిగలదు. అప్పటికి నిల్వ ఉండేది ఎక్కువగా వ్యాపారుల దగ్గర, సీసీఐ గోదాముల్లో.